షుగర్ చీటీలో మనసుకూ చోటివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రులకు,

షుగర్ ఉన్న మనిషి ప్రభుత్వాసుపత్రికి వెళ్తే వేలికి సూది గుచ్చి, అంకె రాసి, మాత్రలిచ్చి పంపుతారు. రాత్రి నిద్ర పడుతోందా అని అడిగేవారు అరుదు. కాలి పుండు మానకపోతే వేలు తీసేస్తారేమోనని, ఇన్సులిన్ మొదలైతే ఇక అంతేనని ఎందరో లోలోపల కుమిలిపోతున్నారు. ఆందోళన పెరిగితే కార్టిజాల్, అడ్రినలిన్ హార్మోన్ల ప్రభావంతో కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అంకె పెరుగుతుంది. తిట్లు మాత్రం రోగికే: "స్వీట్లు తిన్నావా?" ఈ మాటకు భయపడి పరీక్షలకే రానివాళ్లున్నారు.

2022 నుంచి 14416 నంబరులో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉచితంగా పనిచేస్తోంది. ఆ నంబరును ప్రతి షుగర్ చీటీపై అచ్చు వేయించండి. నిద్ర గురించి, దిగులు గురించి నర్సులూ ఆశా కార్యకర్తలూ తప్పక అడిగేలా ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
ఒక షుగర్ రోగి కూతురు