ఎరువు సొమ్ము

“ఎరువు సొమ్ము బరువు చేటు” అని పెద్దలందురు. అండమానులలోని స్వరాజ్ ద్వీపమున స్కూబా విద్య నేర్వబోవువారికి ఈ మాట సగమే వర్తించును.

అద్దపు ముసుగు ముఖమున కతుకవలెను. లేనిచో నీరు చొచ్చును. ఒకరి కమరినది వేరొకరి కమరదు. కావున దానిని కొనుటయే మేలు. గాలి సిలిండరు, రెగ్యులేటరు అట్టివి కావు. వాని వెల హెచ్చు. నిపుణులచే నియమముగా పరీక్ష చేయింపనిచో సొంతవియు చెడును. నేర్చునంతకాలము వానిని నమ్మకమైన శిక్షణాలయమున అద్దెకు గొనుట తప్పు కాదు.

10 మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున నున్నదానికి రెట్టింపగును. ఆ యొత్తిడికి తగినట్లు గాలి నందించునది రెగ్యులేటరే. అది చెడినచో ప్రాణాపాయము. సొంతదైనను, అద్దెదైనను, నీట దిగుటకు ముందు ప్రతి పట్టీని, ప్రతి గొట్టమును తానే పరీక్షించుకొనవలెను. సాధనము ఎరువు దొరకును. జాగ్రత్త ఎరువు దొరకదు.