విడిచిన తేదీ

అమెరికాలో 1879 నుండి 1918 వరకు నడచిన కార్లైల్ వసతి పాఠశాలలో చేరిన చెరోకీ మొదలగు ఆదివాసి బాలబాలికల ప్రవేశ నిష్క్రమణ పత్రములను పరిశోధకులు వెలికిదీసి, ఏ బిడ్డ ఎన్నడు వచ్చెనో, ఎవరు పారిపోయిరో, ఎవరు అక్కడనే మట్టిలో కలసిరో వారి వంశీకులకు తెలియజేయుచుండగా, మన అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు మండలముల ఆశ్రమ పాఠశాలల అడ్మిషన్ రిజిస్టర్లు చెదలకు వదలదగినవి కావని నా దృఢాభిప్రాయము. జుట్టు కత్తిరించి, పేరు మార్చి, తెగను మరపింపజూచిన ఆ బడికిని, తల్లిదండ్రులే బిడ్డను తెచ్చి దించిపోవు మన బడులకును సామ్యము పూర్తిగా కుదరదు. ఐనను, ఇంట ఆదివాసీ ఒడియాయో కువియో పలుకు పసివానికి తెలుగు వాచకము చేతికిచ్చి వసతిగృహమున ఉంచినప్పుడు వాడు పడు దిగులు తక్కువది కాదు. ఆ రిజిస్టరు పుట విప్పినచో కొర్రా, కిల్లో, పాంగి, వంతల అను ఇంటిపేర్లు, తండ్రి పేరు, తెగ, పుట్టుమచ్చలు, ఇంటివారికి తెలియనిచో ఉపాధ్యాయుడూహించి వేసిన పుట్టినతేది, అన్నియు కుదురుగా నిండియుండును. కడపటి గడిలో మాత్రము తరచుగా 'చదువు మానెను' అను రెండే మాటలు. మలేరియాతో ఇల్లు చేరెనో, కాఫీపండ్ల కోతకు పోయెనో, చెల్లెలిని ఎత్తుకొనుటకై నిలిచిపోయెనో ఆ గడి చెప్పదు. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఆ పుస్తకములను భద్రపరచి, పేర్లు బయటపెట్టక, ఊరిపెద్దల నోట ఆ కారణములను విని వ్రాయించవలెను. ఆ పని వారి భాషలెరిగిన ఆదివాసి యువతీయువకులకే అప్పగించుట న్యాయము.