సేకరించినోడి పేరుంది, పాడినామె పేరేదీ?

చిందు భాగవతం అంటే ఏమిటో సెల్‌ఫోన్‌లో వెతికితే చాలా దొరుకుతుంది. ఏ వేషం ఎట్లా కడతారు, ఏ కథలు ఆడతారు, జాంబపురాణం ఎవరి ముందు చెబుతారు, అన్నీ ఉంటాయి. ఆడినోళ్ళ పేర్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొన్న మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ప్రాజెక్టు రాస్తూ అడిగింది. "సార్, మా అమ్మమ్మ వేషం కట్టేది. ఆమె పేరు ఫోన్లో లేదు. నేను ఎక్కించొచ్చా?" ఎక్కించమన్నాం. "ఆధారం చూపమంటున్నది సార్, ఏం చూపాలి?" అంది. ఆ పూట మా దగ్గర జవాబు లేదు.

ఆధారం అడిగింది వికీపీడియా. 2001లో ఇంగ్లీషులో, 2003 డిసెంబరులో తెలుగులో మొదలైన విజ్ఞాన సర్వస్వం ఇది. జీతం తీసుకుని రాసేవాళ్ళు లేరు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, చదవడానికి పైసా కట్టక్కర్లేదు. పిల్లలు ఫోన్ని అడిగే ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో చాలా భాగం ఇక్కడి నుంచే వస్తుంది. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న కృత్రిమ మేధ కూడా దీన్ని చదివే నేర్చుకుంటోంది. ఇందులో లేనిమనిషి రేపు ఎక్కడా లేనట్టే అవుతాడు.

ఎవరైనా రాయొచ్చు అన్నారు కదా, మరి మనోళ్ళు ఎందుకు లేరు? బావి ఊరందరిదీ అన్నంత మాత్రాన మన కడవ అందులో మునిగిందా? కంప్యూటరూ తీరికా రాసే అలవాటూ ఉన్నోళ్ళు ముందు వచ్చారు. వాళ్ళకు తెలిసినోళ్ళ గురించి రాశారు. ఇందులో ఎవరూ కుట్ర చెయ్యక్కర్లేదు.

రెండో అడ్డం ఆ ఆధారమే. ఒక కళాకారుడి మీద పేజీ నిలవాలంటే, అతనికి సంబంధం లేని వాళ్ళు అతని గురించి అచ్చులో రాసి ఉండాలి. నియమం చెడ్డదని మేం అనం. అది లేకపోతే ప్రతి దొరా తన తాత మహాకవి అని రాసుకుంటాడు. అయితే పేపరోళ్ళు మన వాడకు ఎప్పుడొచ్చారు? ఓట్లప్పుడు వచ్చారు, చంపినప్పుడు వచ్చారు. ఆట ఆడిన రాత్రి రాలేదు. వచ్చినా 'అలరించిన జానపద కళాకారులు' అని ఒక ఫోటో వేసి పోయారు. నిన్న అంటరానితనం పేరును పేపర్లోకి రానివ్వలేదు. ఇవాళ పేపర్లో లేదు కాబట్టి సర్వస్వంలో చోటు లేదంటున్నారు.

దర్శనం మొగులయ్యను చూడండి. డక్కలి బిడ్డ, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాడు. 2021లో సినిమా పాట, 2022లో పద్మశ్రీ వచ్చినంక పత్రికలన్నీ రాశాయి. ఆయన పేజీ ఇక కదలదు. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకూ, బుర్రవీణ దాసరి కొండప్పకూ అంతే. సంతోషమే. మరి ఢిల్లీ దాకా పోనోళ్ళ సంగతి? వాళ్ళకు ఆ విద్య ఇచ్చిన తండ్రుల సంగతి? డక్కలోళ్ళను మన మాదిగవాడే ఇంటి లోపలికి రానివ్వని రోజులున్నాయి, అదీ దాచకూడదు.

ఈ పని చేస్తున్నవాళ్ళు లోకంలో ఉన్నారు. అమెరికాలో జీనా వాలెంటైన్, హెదర్ హార్ట్ అనే ఇద్దరు నల్లజాతి కళాకారిణులు 2005లో 'బ్లాక్ లంచ్ టేబుల్' మొదలుపెట్టారు. తర్వాత జనాన్ని కూర్చోబెట్టి నల్ల కళాకారుల మీద వికీపీడియా పేజీలు రాయించడం, ఫోటోలు తీసి పెట్టడం పనిగా పెట్టుకున్నారు. మన దేశంలో 2015లో దళిత స్త్రీలు మొదలుపెట్టిన దళిత చరిత్ర మాసంలో కూడా ఈ పేజీలు రాసే పని ఒక భాగం. నోటిమాటను ఆధారంగా తీసుకోవచ్చు కదా అని 2011లో అచల్ ప్రభల మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ జనం మాట రికార్డు చేసి చూపించాడు. ఆ దారి ఇంకా పెద్దగా తెరుచుకోలేదు.

అందుకని ముందు అచ్చు కావాలి. మలయాళ సినిమా మొదటి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయరు స్త్రీ వేషం కట్టిందని ఆమెను ఊరు వదిలి పారిపోయేలా చేశారు. దశాబ్దాల తర్వాతైనా కొందరు వెతికి అచ్చు వేశారు కాబట్టే 2023 ఫిబ్రవరి 10న గూగుల్ ఆమె బొమ్మ పెట్టింది.

ఇక మా తప్పు. పిల్ల అడిగిన రాత్రి మా పత్రిక పాత సంచికలు దించి చూశాం. వేసిన ప్రతి పాట కింద 'సేకరణ' అని ఒక పేరుంది. కొన్నిచోట్ల ఆ పేరు మాదే. పాడినామె ఎవరు? ఒకచోట 'ఒక వృద్ధురాలు' అనుంది, చాలాచోట్ల అదీ లేదు. అగ్రవర్ణ పండితుడు మన పాట ఎత్తుకుపోయాడని సభల్లో తిట్టింది మేమే. మేం చేసిందేమిటి? ఆ పిల్లకు మా సంచిక ఆధారంగా చూపుదామంటే అందులో వాళ్ళ అమ్మమ్మ పేరు లేదు.

మనం వెతకని చోట్లు ఇంకా ఉన్నాయి. జానపద కళల మీద విశ్వవిద్యాలయాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాల చివర చిన్న అక్షరాల్లో పాట చెప్పినవాళ్ళ పేరూ వయసూ ఊరూ ఇస్తుంటారు. వరంగల్లు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వైపు పోయే విద్యార్థులు ఆ పేజీలు రాసుకు రావాలి. ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు తెరవాలి. ఆట కరపత్రం, సన్మానపత్రం, పసుపుపచ్చబడ్డ పేపరు ముక్క, ఏది దొరికినా తారీఖు చూసి భద్రం చెయ్యాలి. పేపర్లో వచ్చిన ఫోటో తీసి వికీపీడియాలో పెట్టకూడదు, దాని హక్కు వేరేవాళ్ళది. మన ఫోన్‌తో మనమే, ఆమెను అడిగి, తియ్యాలి. ఎవరైనా వాడుకోవచ్చని తీసినవాళ్ళే ఒప్పుకుని పెట్టాలి.

కులం రాయాలా అని కొందరు కార్యకర్తలు అడుగుతున్నారు. బతికున్న మనిషి తన కులం తానే చెప్పుకుంటే తప్ప రాయకూడదని ఇంగ్లీషు వికీపీడియాలో పద్ధతి. కులం తీసేస్తే చిందు ఏమిటో అర్థం కాదు, నిజమే. అయినా చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. అడిగి, చెప్పింది చెప్పినట్టు అచ్చు వెయ్యాలి. పొగడ్తలు మాత్రం వద్దు. 'మహోన్నత కళాశిఖరం' అని రాస్తే కొట్టేస్తారు, కొట్టెయ్యాలి కూడా. ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఏ వేషం కట్టిందో రాస్తే చాలు. తొలగిస్తామని నోటీసు పెడితే తిట్టుకోకుండా చర్చ పేజీలో ఆధారం చూపించి వాదించాలి.

ఆ పిల్లకు మేం చెప్పింది ఇది: అమ్మమ్మను కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకు రా, మేం వచ్చే సంచికలో వేస్తాం. సొంత మనిషివి కాబట్టి పేజీ నువ్వు రాయకు, వేరేవాళ్ళు రాస్తారు. మా పక్షపత్రిక ఒక్కటే చాలదనొచ్చు. అందుకే మండలం విలేకరిని కూడా తీసుకుని వాళ్ళింటికి పోతున్నాం.

ఈ సంచిక నుంచి పాడినవాళ్ళ పేరూ ఊరూ పాట పైన వేస్తాం, సేకరించినవాళ్ళ పేరు కింద. పాత సంచికల్లో 'ఒక వృద్ధురాలు' ఎవరో తెలిసినవాళ్ళు కార్డు రాయండి, సవరణ వేస్తాం.