విద్యకు గీటురాయి



విద్య యనగా పరీక్షలలో నెగ్గుటయే యని మనలో పెక్కుమంది తలంతురు. నేర్చినది పదిమందికి మేలుచేయు పనిగా మాఱవలెను. ఆ పనిలో లోపము కనబడినపుడు దాచక చెప్పవలెను. ఈ రెండును లేని చదువు ఇంటిగోడమీది పటము వంటిది. ఇందులకు దృష్టాంతము హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ చెంతనే కలదు.

హెపటైటిస్-బి యను కాలేయవ్యాధి ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకు సంక్రమింపవచ్చును. పసితనమున సోకినచో అది చాలమందిలో జీవితాంతము నిలిచి, పిదప కాలేయమును చెఱచును. దీని టీకా పూర్వము విదేశములనుండి వచ్చెడిది. ఒక్క మోతాదునకు వందలకొలది రూపాయలు పెట్టవలసివచ్చుటచే బీదతల్లులకది అందనిదై యుండెను.

వరప్రసాదరెడ్డిగారు చదివినది ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు. అయినను జీవశాస్త్రము తెలిసినవారిని చేరదీసి, 1993లో తమ తల్లిగారి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను నెలకొల్పిరి. వైరసు పైపొరలోని యొక మాంసకృత్తునకు మూలమైన జన్యువును ఈస్టు కణములలో నిలిపి, ఆ మాంసకృత్తును వానిచేతనే తయారుచేయించుట వారి పద్ధతి. పిండి పులియబెట్టుట యెఱిగిన మనకిది మిక్కిలి వింతగా తోపదు. రొట్టెను పొంగించు ఈస్టునకు జ్ఞాతియైన సూక్ష్మజీవియే ఇచ్చట మందును వండిపెట్టినది. 1997లో ఆ టీకా వెలువడినపుడు మోతాదు వెల సుమారు 50 రూపాయలు.

అటుపిమ్మట ఆ సంస్థకు కఠినమైన పరీక్షయు వచ్చినది. 2009లో అది ఫ్రాన్సుదేశపు సనోఫీ వశమయ్యెను. మఱుసటి యేడు, ఐదు వ్యాధులనుండి కాపాడు దాని షాన్5 టీకా సీసాలలో కొన్నింట తెల్లని మడ్డి కానవచ్చుటచే, ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ టీకాను తన యామోదపు జాబితానుండి తొలగించెను. గొప్ప సరఫరా నిలిచిపోయినది. పిదప లోపమును సవరించుకొని, మరల పరీక్షలకు నిలిచి, 2014లో గాని అది తిరిగి యామోదము పొందలేదు.

టీకాసీసాను వెలుతురునకు పట్టి చూచువారు మహాపండితులు కారు. ఊరూర తిరుగు ఆరోగ్యకార్యకర్తలు, అందును పెక్కుమంది స్త్రీలు. “ఇది సరిగా లేదు” అను చిన్నమాట అట్టివారి నోట వెలువడకున్నచో ఎంతటి శాస్త్రమైనను బిడ్డను కాపాడజాలదు. ఆ మాట వలన నష్టము కలుగును, పైవారికి కోపము వచ్చును. అయినను చెప్పుటయే వృత్తిధర్మము.

ఈ ధర్మమునకు తొలిపాఠము మన వంటయింటనే జరుగుచున్నది. “అమ్మా, పాలు నేను ఒలికించితిని” అని చెప్పిన బిడ్డకు దెబ్బలును, చెప్పక పిల్లిమీద నెట్టినవానికి ముద్దులును దొరకు నింట పిల్లలు ఏమి నేర్తురు? “చెప్పితివి, మంచిది, గుడ్డ తెచ్చి తుడువుము” అన్న తల్లి సత్యమును, పనిని ఒక్కమాటలో నేర్పినదగును.

మేడ్చల్‌లోను, శామీర్‌పేటవైపు జీనోమ్ వ్యాలీలోను నేడు పెక్కు ఔషధశాలలు కలవు. మన కొమార్తెలు, కొడుకులు రేపు అట్టిచోట్ల పనికి పోవుదురు. వారికి మార్కులెన్ని వచ్చెనని అడుగుచునే, నేడేమి చెడినది, ఎవరితో చెప్పితివి, ఎట్లు సరిదిద్దితివి యనియు అడుగుచుందము. ఇంట బిడ్డ పుట్టినపుడు 24 గంటలలోపల హెపటైటిస్-బి టీకా వేసిరా యని మొగమాటము లేక విచారింతము. అడుగుటయు సత్యభాషణమే గదా!