జాడీలో కాదు, కంచంలో తగ్గించండి

వేసవి వచ్చిందంటే గోదావరిఖని సింగరేణి క్వార్టర్లలో మామిడికాయ తొక్కు పెట్టడం మొదలవుతుంది. మొదటి షిఫ్టుకు వెళ్లే మనిషి సద్దిలో ఇంత తొక్కు వేసి పంపితేగాని ఇల్లాలికి తృప్తి ఉండదు. ఆ మనిషికి రక్తపోటు ఉందని తెలిస్తే? ఈ ఏడు ఉప్పు సగమే వేద్దామనుకుంటారు. ఆ పని చేయకండి.

ఊరగాయలో ఉప్పు రుచికోసమే కాదు. అది ముక్కల్లోని నీటిని లాగి సూక్ష్మజీవులను పెరగనివ్వదు. మామిడి పులుపు, పైన తేలే నూనె దానికి తోడు. ఉప్పు తగ్గితే బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని పైపైన తీసి వాడరాదు, పారవేయాలి.

తగ్గించవలసింది కంచంలో. పెద్దవారికి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ఒక టీ చెంచాకు మించకూడదు. పప్పు, కూర, అప్పడం అన్నీ ఆ లెక్కలోవే. కనుక రక్తపోటు ఉన్నవారు రోజూ తొక్కు కలుపుకోవడం మానాలి. ఎప్పుడైనా చిన్న ముక్క నంజుకుంటే, ఆ పూట కూరలో ఉప్పు తగ్గించాలి.

"బాయిలో చెమటలు పోస్తాయి, ఉప్పు ఎక్కువే తినాలి కదా?" అంటారు కొందరు. చెమటకు ముందుగా కావలసింది మంచినీళ్లు. రక్తపోటు ఉన్నవారు డాక్టరు చెప్పనిదే ఉప్పు పెంచరాదు, మాత్రలు మానరాదు.

సద్దిలోకి ఏ పూటకాపూట పుదీనా పచ్చడి నూరి పెట్టండి. నిల్వ ఉంచేది కాదు గనుక, అందులో ఉప్పు ఎంత తగ్గించినా నష్టం లేదు.