తాళం వేసి గొళ్ళెం మరిచిన ఇంజనీర్లు

మన సాఫ్ట్‌వేర్ జనాభాకి ఓ వింత అలవాటుంది. ఆఫీసులో క్లయింటు ముందు భద్రత గురించి నలభై స్లైడ్లు వేసి దంచేస్తాం. ఫలానా పోర్టు ఎందుకు తెరిచావంటూ జూనియర్ కుర్రాణ్ణి నిలబెట్టి కడిగేస్తాం. అదే పండక్కి ఊరెళ్ళి, నాన్నగారింట్లో ఓ మీడియా సర్వర్ పెట్టి, రూటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ చేసి, రూటర్ పాస్‌వర్డ్ మాత్రం కొన్ననాటి అడ్మిన్-అడ్మిన్ అలాగే ఉంచేసి చక్కా బస్సెక్కేస్తాం. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దలు ఊరికే అనలేదు.

మాది తుని. ఇంట్లో టీవీ స్టాండు కింద ఓ పాత లాప్‌టాప్‌లో జెల్లీఫిన్ నడుస్తూంటుంది. 2018 డిసెంబర్లో ఎంబీ వాళ్ళు సోర్సు కోడ్ మూసేస్తే, దాన్నుంచి విడిపోయి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. అందులో కొత్త సినిమాలేం లేవు లెండి. క్యాసెట్టు నుంచి ఎక్కించిన అక్క పెళ్ళి వీడియో, తాతయ్య గొంతున్న టేపులు, తలుపులమ్మ లోవలో వండుకు తిన్న రోజుల ఫోటోలు. అక్క డాలస్‌లో, నేను బెంగుళూరులో. ఇద్దరం చూడాలి.

"ఇంత గోలెందుకు, క్లౌడ్‌లో పడేస్తే పోలా?" అంటారు. పడేద్దురు గానీ, గూగుల్ ఫోటోస్ అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది గుర్తుందా? సొంత సర్వర్లో ఉన్న సొంత వీడియోని బయటినుంచి చూసుకోవడానికి కూడా ప్లెక్స్ 2025 ఏప్రిల్ నెలాఖర్నుంచి డబ్బులడుగుతోంది. వాళ్ళ వ్యాపారం వాళ్ళిష్టం, తప్పు పట్టను. తాతయ్య గొంతు మాత్రం ఒకరి నెలవారీ ప్లాను మీద ఆధారపడి ఉండకూడదన్నది నా పట్టుదల.

సరే, విషయానికొద్దాం. తలుపు తెరిచి పెట్టేవాళ్ళు చెప్పే సాకులు నాలుగు.

మొదటిది: "నా దగ్గరేముందిలే, పాత వీడియోలే కదా!" దొంగకి మీ వీడియోలు అక్కర్లేదు మహానుభావా, మీ యంత్రం కావాలి. 2016లో మిరాయ్ అనే పురుగు సరిగ్గా అరవై చిల్లర డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లు పట్టుకుని ఇళ్ళలోని కెమెరాలూ, డీవీఆర్‌లూ, రూటర్లలోకి దూరింది. ఆ యేడు అక్టోబర్ 21న వాటన్నిటినీ డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీదికి తోలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూలపడ్డాయి. ఎవరో అమాయకుడి గేటు కెమెరా ఆ దండులో సిపాయి!

రెండోది: "తునిలో మా ఇల్లు ఎవడికి తెలుసు?" 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జీమ్యాప్ అని ఓ పనిముట్టు విడుదల చేశారు. మంచి కనెక్షనుంటే ఐపీవీ4 ప్రపంచం మొత్తాన్నీ ముప్పావు గంటలోపు తట్టి వస్తుంది. మీ ఇల్లు తునిలో ఉందా టొరంటోలో ఉందా దానికి అనవసరం. అది పేరడగదు, తలుపు కొడుతుంది.

మూడోది: "పోర్టు నంబర్ మార్చాను." 8096 బదులు 48096 పెట్టడమంటే తలుపుకి కొత్త రంగేయడం. తాళం వేసినట్టు కాదు.

నాలుగోది కాస్త చదువుకున్న సాకు: "హెచ్‌టీటీపీఎస్ పెట్టాను." మంచిదే, దారిలో ఎవరూ తొంగి చూడరు. కానీ తలుపు కొట్టేవాణ్ణి అది ఆపదు. పైగా ఆ సర్టిఫికెట్ తీసుకున్న క్షణంలోనే మీ సర్వర్ పేరు అందరూ చూడగలిగే పారదర్శకతా లాగ్‌లలోకి ఎక్కుతుంది. ఊరంతా దండోరా వేయించుకుని, ఎవరూ రారులే అని పడుకోవడం అన్నమాట :)

ఇవన్నీ ఇంటి గోల అనుకుంటున్నారేమో, ఆగండి. లాస్ట్‌పాస్ కథ మన వాళ్ళందరూ చదవాల్సింది. 2022లో ఆ సంస్థ రహస్య నిల్వల తాళాలు నలుగురు ఇంజనీర్ల చేతుల్లో ఉండేవి. దాడిచేసినవాడు ఆఫీసు జోలికి పోకుండా, ఆ నలుగురిలో ఒకాయన ఇంటి కంప్యూటర్లోకి దూరాడు. దేని ద్వారా? ఆయన ఇంట్లో నడుపుకుంటున్న మీడియా సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా! అది ప్లెక్స్ అనీ, ఆ లోపాన్ని 2020 మేలోనే సరిచేశామనీ, ఆ తర్వాత డెబ్బై అయిదు వెర్షన్లొచ్చినా ఆయన నవీకరించుకోలేదనీ ప్లెక్స్ వాళ్ళు చెప్పారు. కీలాగర్ పెట్టి మాస్టర్ పాస్‌వర్డ్ లాగాడు. వినియోగదారుల ఖజానాల బ్యాకప్‌లు ఎత్తుకుపోయాడు. ఇంటి నుంచి పని చేసే మనలో ఎవరి ఇల్లయినా రేపు ఆ ఇల్లే.

మరేం చెయ్యాలి? నే చేసింది చెప్తాను. బయటికి ఒక్క వెబ్ పోర్టు కూడా తెరవలేదు. వైర్‌గార్డ్ పెట్టాను. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6తో పాటే వచ్చేసింది. దీని గొప్పతనం, సరైన తాళంచెవి లేకుండా వచ్చిన ప్యాకెట్‌కి అసలు జవాబే ఇవ్వదు. వెతికేవాడికి అక్కడ ఇల్లున్నట్టే తెలీదు. అక్క ఫోనుకో చెవి, నాకో చెవి. ఫోను పోతే ఆ ఒక్క చెవీ రద్దు.

ఇక్కడే మన కేబుల్ ఇంటర్నెట్ మహారాజులు అడ్డుపడతారు. రూటర్లో కనిపించే ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైందంటే మీరు సీజీనాట్ వెనకున్నారు. వీధి మొత్తానికీ ఒకే తలుపు, మీకు బయటినుంచి దారి లేదు. నేనడిగితే కుర్రాడేమన్నాడో తెలుసా? "ఇంట్లో వాళ్ళకెందుకండీ అయ్యన్నీ, కావాలంటే బిజినెస్ ప్లాను తీస్కోండి." ఐపీవీ4 చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది, ఒప్పుకుంటాను. కానీ ఐపీవీ6 ఉంది కదా? నా ఫోన్లో వస్తుంది, నెలనెలా డబ్బు కట్టే ఇంటి ఫైబర్‌లో రాదు! డబ్బు కట్టే మనిషి చూడ్డానికే తప్ప చూపించడానికి పనికిరాడన్న అహంకారం ఇది. అడగాలి. అడుగుతూనే ఉండాలి.

అంతవరకూ దారులు రెండు. చిన్న వీపీఎస్ ఒకటి అద్దెకి తీసుకుని ఇంటి సర్వరే దానికి వైర్‌గార్డ్ కలుపుకునేలా చెయ్యడం, నేనిదే చేశాను. అంత ఓపిక లేనివాళ్ళకి టెయిల్‌స్కేల్. అదీ లోపల వైర్‌గార్డే, సీజీనాట్ వెనకనుంచి కూడా పనిచేస్తుంది, రహస్య చెవులు మీ యంత్రాల్లోనే ఉంటాయి. పరిచయం చేసే మధ్యవర్తి మాత్రం వాళ్ళ సర్వరే. అదీ ఇష్టం లేకపోతే హెడ్‌స్కేల్ సొంతంగా నడుపుకోండి. ఐపీవీ6 వచ్చిన అదృష్టవంతులు ఒక్కటి చూసుకోండి: నాట్ లేదు కాబట్టి బయటినుంచి వచ్చేవాటిని రూటర్ ఫైర్‌వాల్ ఆపుతోందో లేదో పరీక్షించాలి.

వీపీఎన్ పెట్టాం కదాని కాళ్ళు బార్లా చాపొద్దు. లాస్ట్‌పాస్ ఇంజనీరు పాఠం తాళం గురించి కాదు, నవీకరణ గురించి. ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టండి. రూటర్లో యూపీఎన్‌పీ ఆపేయండి, లేకపోతే మీకు చెప్పకుండా కెమెరాయే తలుపు తెరిచేస్తుంది. కెమెరాని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి తోసేయండి. ఆఫీసు లాప్‌టాప్ కూడా ఆ సర్వరున్న నెట్‌వర్క్‌లో ఉండకూడదు.

ఇదంతా ఎవరికోసం? ఆ ఇంటి వైఫైలోనే నాన్నగారి ఫోనుంది, అందులో పింఛను పడే బ్యాంకు యాప్ ఉంది. "మావాడు సాఫ్ట్‌వేరు, అన్నీ చూసుకుంటాడు" అని ఆయన ధైర్యంగా నిద్రపోతున్నారు. పోర్టు తెరిచి వెళ్ళిపోయినవాడు ఆ నమ్మకానికి కన్నం వేసినవాడే. సంక్రాంతికి ఊరెళ్తారుగా, అరిసెలు తిన్నాక ఓ గంట రూటర్ ముందు కూర్చోండి. ఆఫీసులో జూనియర్‌ని అడిగే ప్రశ్నలే ఆ గంట మిమ్మల్ని మీరు అడుక్కోండి.