విజిల్ వేసినవారిది తప్పా? రూలు చదవని మాదా?



వార్షికోత్సవ సంచిక అనగానే పాత విద్యార్థులంతా చదువు గురించే రాస్తారు. మేము బాస్కెట్‌బాల్ గురించి రాస్తున్నాం. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

2017 చివర్లో, మేము పదో తరగతిలో ఉండగా, ఒక టోర్నమెంట్‌లో ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ రోజు మూడు విషయాలు జరిగాయి. అవతలి జట్టు కుర్రాడు డ్రిబుల్ ఆపి, మూడు అడుగులు వేసి బాస్కెట్ వేశాడు. మేమంతా "ట్రావెల్!" అని అరిచాం. విజిల్ పడలేదు. తర్వాత మావాడు నిలబడి బంతి అందుకుని, డ్రిబుల్ మొదలుపెట్టబోతుంటే ట్రావెలింగ్ ఇచ్చారు. మేము రిఫరీ మీదకు వెళ్ళి గొడవపడ్డాం. టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. వాళ్ళు ఫ్రీ త్రో వేసుకున్నారు. ఆ ఒక్క పాయింటే మమ్మల్ని ముంచింది. ఇక మూడోది. మా జట్టులో అందరికంటే చిన్నవాడు బంతి కోసం దూకి, బంతి పట్టుకునే నేల మీద జారుకుంటూ పోయాడు. మోచేతులు చీరుకుపోయాయి. దానికీ ట్రావెలింగే ఇచ్చారు. పడిపోయాడు కదా, తప్పు మనదేలే అని ఊరుకున్నాం.

ఆ రాత్రి ఎవరమూ సరిగా అన్నం తినలేదు. "హాస్టల్ పిల్లలమని చిన్నచూపు చూశారు" అనుకున్నాం. చాలా ఏళ్ళు అదే నమ్మాం.

పీజీలో చేరాక ఫిబా రూల్ బుక్ చదివాం. మన దేశంలో పోటీలు జరిగేది ఈ రూల్స్ ప్రకారమే. ట్రావెలింగ్ గురించి చెప్పేది 25వ ఆర్టికల్. అది చదివాక సిగ్గూ వేసింది, కోపమూ వచ్చింది.

మొదటిది: పరుగులో ఉండి బంతి అందుకున్నా, డ్రిబుల్ ముగించినా రెండు అడుగులు వేయవచ్చు. బంతి చేతికి చిక్కే క్షణానికి నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. దాన్నే జీరో స్టెప్ అంటారు. ఈ మార్పు 2017 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మేము మూడు లెక్కపెట్టాం, రూలు రెండే లెక్కపెట్టింది. రిఫరీ కరెక్టు.

రెండోది: రెండు కాళ్ళూ నేల మీద ఉండగా బంతి అందుకుంటే, ఒక కాలు ఎత్తగానే రెండోది పివట్ కాలు అవుతుంది. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే బంతి చెయ్యి వదిలాకే పివట్ కాలు లేవాలి. పాస్‌కో షాట్‌కో అయితే పివట్ కాలు ఎత్తవచ్చు, కానీ బంతి వదిలేలోపు ఏ కాలూ మళ్ళీ నేలకు తగలకూడదు. మావాడు ముందు కాలు ఎత్తాడు, తర్వాత బంతి కొట్టాడు. ఇక్కడా రిఫరీ కరెక్టే.

మూడోది: బంతి పట్టుకుని పడిపోవడం, ఆ ఊపులో నేల మీద జారడం తప్పు కాదు. బంతి చేతిలో ఉండగా దొర్లినా, లేవబోయినా అప్పుడే ట్రావెలింగ్. మా తమ్ముడు దొర్లలేదు, లేవలేదు. అంటే అక్కడ మాకే అన్యాయం జరిగింది!

చూశారా? తప్పు మాదైన రెండుసార్లు అరిచాం. న్యాయం మా వైపున్న ఒక్కసారి నోరు మూసుకున్నాం. రూలు తెలియకపోతే కోపమూ, మౌనమూ రెండూ తప్పు చోటే పడతాయి.

మట్టి గ్రౌండ్‌లో ఆడుకునేవాళ్ళకు రూల్ బుక్ ఎందుకని మీలో కొందరు అనవచ్చు. మనల్ని చిన్నచూపు చూసేవాళ్ళు లేరా అని కూడా అడగవచ్చు. ఉన్నారు, మేమూ చూశాం. అందుకే చదవమంటున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. మా నాన్నలు ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల్లో "రూలు ఒప్పుకోదు" అని గుమాస్తా ఒక్క మాట అంటే తలవంచుకుని ఇంటికి వచ్చేవారు. ఆ రూలు ఏమిటో, నిజంగా ఉందో లేదో అడగడం వాళ్ళకు తెలియదు. మనకు చదువు వచ్చింది. మనమూ అడగకపోతే ఎలా?

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. బంతి డెడ్ అయి, గడియారం ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ మర్యాదగా రిఫరీని వివరం అడగవచ్చు. అదీ ఆ పుస్తకంలోనే ఉంది. అయిదుగురూ ఒక్కసారి మీద పడితే మాత్రం మాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

మా బ్యాచ్ తరఫున 25వ ఆర్టికల్‌ను తెలుగులో రాసి, పెద్ద అట్ట మీద అంటించి ఇస్తున్నాం. మెస్ మెనూ పక్కనే తగిలించండి, రోజుకు మూడు పూటలా కళ్ళబడుతుంది. విజిల్ పడగానే ముందు రూలు గుర్తు చేసుకోండి. తప్పు మీదైతే బంతి ఇచ్చేసి డిఫెన్స్‌కు పరుగెత్తండి. రూలు మీ వైపు ఉంటే మాత్రం, తమ్ముళ్ళూ, మాలాగా ఊరుకోకండి. కెప్టెన్‌ను పంపి అడిగించండి.